దిష్టి కలబంద

దన్నాన తవిటమ్మ సంచీలోంచి తీసి
బల్ల మీద పెట్టింది, వేళ్లు పైకి, ఆకులు కిందకి.
నెల్లిమర్లలో గుమ్మానికి ఎర్రతాడుతో
మూడేళ్లు తలకిందులుగా వేలాడిన కలబంద.
మట్టి లేదు, నీళ్లు లేవు,
గాలికి జూట్ మిల్లు నారదుమ్ము.
అయినా మొన్నమొన్నటిదాకా పిలకలేసిందట.

"ఈ మచ్చలు సూడు బాబూ.
ముందర ఆవగింజంత. అమాస ఎల్లీసరికి అర్ధరూపాయంత.
దిష్టి తగిలినాదని అందరూ అంతన్నారు.
ఎవుల్దో నాకు తెలుసు.
నువ్వా అద్దాల్లో సూసి అవునను, సాలు."

నేను లెక్చరర్ని కాను.
విజయనగరం కాలేజీలో వృక్షశాస్త్రం గది తాళాలు
ఇరవై రెండేళ్లుగా నా జేబులో ఉన్నాయి, అంతే.
పిల్లలు వదిలేసిన స్లైడులు కడగడం నా పని.
కడుగుతూ కడుగుతూ చూడటం అబ్బింది.

కరెంటు లేదు. మైక్రోస్కోపుని కిటికీ దగ్గరికి జరిపి
అద్దం తిప్పి ఎండని పట్టాను.
మచ్చ నడిమధ్య కోయకూడదు, అక్కడంతా అయిపోయింది.
పచ్చటి చోట కోయకూడదు, అక్కడింకా ఏమీ మొదలవలేదు.
రెండిటి అంచున, పసుపుగీత ఉన్నచోట
బ్లేడు ఆన్చాలి.
జిగురుకి జారి మొదటి ముక్క నేలపాలు.
రెండోది మందం.
మూడోది ఉల్లిపొరంత వచ్చింది.
నీలిరంగు ఒక చుక్క. పైన గాజురేకు, ఓరగా,
బుడగ చేరకుండా,
నిద్రపోతున్న మనిషి మీద దుప్పటి దించినట్టు.

ముందు మసక. మర కొంచెం వెనక్కి.
అప్పుడు లేచాయి
గోధుమరంగు వీణలు!
బొబ్బిలిలో ఎవరూ చెక్కనివి.
కుండ, మెడ, కుండలో అడ్డగోడలూ నిలువుగోడలూ,
ఒకదాని కొస ఒకటి పట్టుకుని గొలుసుగా.
"ఆల్టర్నేరియా" అన్నాను పైకే,
సంతలో తెలిసిన ముఖం కనబడ్డట్టు.

స్లైడు జరిపాను.
ఇక్కడ తెప్పలు. రెండు కొనలూ వంగి, రంగు లేకుండా,
చింతపల్లి ఒడ్డున బోర్లించినట్టు.
ఇంకొంచెం జరిపితే
మధ్యగది ఉబ్బి, నడుం వంగి,
నెలలు నిండినవాళ్లలా కొందరు.
ఒక మూల ఏదో పోగు.
దానికి పేరు వెతకక్కర్లేదు, అది మిల్లుది.

"ఎవులు బాబూ?"

ఎవరని చెప్పను?
ఈ వీణలే మచ్చ చేశాయో
మచ్చ పడ్డాక జాడ పట్టి వచ్చాయో
ఒక్క చూపులో తేలదు.
చావింటికి చేరినవాళ్లంతా చంపినవాళ్లు కారు.
తేలాలంటే
ఒక్కొక్కదాన్నీ విడదీసి, బంగాళాదుంప గంజి మీద పెంచి,
రోగం లేని ఆకుకి అంటించి,
అదే మచ్చ మళ్లీ పుట్టి
ఆ మచ్చలో మళ్లీ అదే దొరికితే,
అప్పుడు అనాలి.
అందాకా నోరు మూసుకోవాలి.

ఇదంతా వచ్చినట్టు చెప్పాను.
స్టూలెక్కి కన్ను ఆన్చింది.
"ఓలమ్మ" అంది.
ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు.
కన్ను తియ్యకుండానే:
"అసిరమ్మని ఉన్నాది. నా షిప్టు మనిషి. పిల్లల్లేరు.
మా మనవడి పుట్టినరోజుకొచ్చి
గుమ్మంలో నిలబడి పైకి సూసినాది.
అప్పుట్నుంచీ మాటాడ్నేదు నాను.
మిల్లుకి ఎనక సందులోంచి తిరిగెల్తంది."

నేను రిజిస్టరు తీశాను.
నమూనా: కలబంద. ఊరు: నెల్లిమర్ల.
గుర్తించినది: పెన్సిల్‌తో ఆల్టర్నేరియా,
పక్కన ఒక ప్రశ్నార్థకం.

"ఆ సివర కొక్కెం ఏటి?"
"తెలీదు అని రాయడం."
"అదొక్కటీ నాకో కాయితమ్ముక్క మీద రాసియ్యి."

రాసిచ్చాను. కొంగున ముడేసుకుని
రెండింటి బస్సుకి వెళ్లిపోయింది.

కలబంద ఇక్కడే ఒగ్గేసింది.
పగిలిన బీకరులో ఇసక పోసి నాటాను,
వేళ్లు కిందకి.
అలవాటు లేదు దానికి.
ఒక పక్కకి ఒరిగి ఉంది.